డెబ్భైల బేస్ గిటార్ నాదం: అపోహలు - వాస్తవాలు

బేస్ గిటారు నేర్పడం, బేస్ గిటార్లకు సెటప్ చేయడం నా వృత్తి. అభిరుచి కొద్దీ ఈ వాద్యం పట్టుకున్నవారిలో చాలామంది ఇళయరాజా పాటల్లోని బేస్ వరసలు విని ముచ్చటపడో, చర్చి బృందంలో ఆ స్థానం ఖాళీగా ఉండటం వల్లనో ఇటు వచ్చినవారే. కొంతకాలం గడిచేసరికి వారి చెవి 1970ల నాటి అమెరికన్, బ్రిటిష్ రికార్డుల మీదికి మళ్లుతుంది. జేమ్స్ జామర్సన్, జాకో పాస్టోరియస్, క్రిస్ స్క్వైర్, లారీ గ్రాహం, స్టాన్లీ క్లార్క్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ వంటి బేసిస్టుల పేర్లతో పాటు వారి వాద్యాల మోడళ్లు, తయారైన సంవత్సరాలు, ధరలు కూడా చర్చకు వస్తాయి. వారు ఏ తీగలు వేసుకున్నారని మాత్రం ఎవరూ అడగరు. ఆ రికార్డుల్లో మనకు నచ్చిన నాదానికి చెక్క, బ్రాండు, సంవత్సరం కన్నా తీగ, దాని మోతను అణచే తీరు, మీటే చోటు ఎక్కువ కారణమని నా అభిప్రాయం. కింది అపోహల్లో చాలా వరకు ఆ మూడింటినీ పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: డెబ్భైల నాదం కావాలంటే డెబ్భైల్లో తయారైన వాద్యమే ఉండాలి.

ఆ దశకంలో మనం ఆరాధించే వాదకుల్లో పలువురి చేతిలో ఉన్నది అంతకు ముందు దశకపు వాద్యం. జామర్సన్ వాయించినది 1962 నాటి ప్రెసిషన్, ఫెండర్ సంస్థ బేస్ మోడళ్లలో ఒకటి. జాకో చేతిలోని ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) లేని బేస్ 1962 నాటి జాజ్ బేస్, అదీ ఫెండర్ మోడలే. లెడ్ జెప్పెలిన్ బృందంలో జాన్ పాల్ జోన్స్ చాలాకాలం వాడినది కూడా అరవైల ఆరంభంలో కొన్న జాజ్ బేసే. అప్పట్లో అవి పురాతన వస్తువులు కావు, కేవలం పాతబడిన పనిముట్లు.

అలాగని డెబ్భైల వాద్యాలకు ప్రత్యేకత లేదని చెప్పలేము. ఫెండర్ సంస్థను 1965లో అమెరికన్ ప్రసార సంస్థ సీబీఎస్ కొనుగోలు చేసింది. ఉత్పత్తి పెరిగిన కొద్దీ నాణ్యత ఒక్కో వాద్యానికి ఒక్కో తీరుగా మారింది. డెబ్భైల తొలినాళ్లలో జాజ్ బేస్‌లో బ్రిడ్జి (తీగల చివరలు ఆనే లోహపు భాగం) వైపు పికప్‌ను (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) సుమారు 1 సెంటీమీటరు మేర బ్రిడ్జికి దగ్గరగా జరిపారు. ఇది చిన్న మార్పుగా కనిపించినా, రెండు పికప్‌లనూ పూర్తిగా తెరిచినప్పుడు వినిపించే గరగరలాడే, పదునైన నాదానికి ఒక ముఖ్య కారణం ఇదే. బేసిస్టులు గెడ్డీ లీ 1972 నాటి జాజ్ బేస్, మార్కస్ మిల్లర్ 1977 నాటి జాజ్ బేస్ ప్రసిద్ధికెక్కినవి. అయితే మిల్లర్ వాద్యంలో వాద్యాల తయారీదారు రోజర్ సడావ్‌స్కీ బిగించిన ప్రీయాంప్ (సంకేతాన్ని పెంచి నాదాన్ని మలిచే సర్క్యూట్) ఉందన్న సంగతిని మరచి, ఆ ఘనతనంతా యాష్ చెక్కకే కట్టబెట్టేవారు ఉన్నారు.

డెబ్భైల మధ్య నుంచి జాజ్ బేస్‌కు వచ్చిన మూడు స్క్రూల నెక్ (మెడ) కదిలిపోతుందన్న భయం కూడా సగమే నిజం. నెక్ కదిలేది స్క్రూల సంఖ్య వల్ల కాదు. నెక్ కూర్చునే గాడి వదులుగా చెక్కడం వల్ల. గాడి బిగువుగా ఉన్న మూడు స్క్రూల వాద్యం ఎంత పక్కకు నెట్టినా జరగదు. కాబట్టి పాత వాద్యం కొనేవారు కాగితాల కన్నా ముందు ఆ అతుకును, ఆ తరువాత తూకాన్ని చూసుకోవడం మేలు. ఆ కాలపు యాష్ బేసుల్లో కొన్ని గంటసేపు భుజాన మోయలేనంత బరువుంటాయి.

అపోహ: తీగలు ఎంత కొత్తవైతే నాదం అంత బాగుంటుంది.

ఏ నాదం కావాలో నిర్ణయించుకోకుండా ఈ మాట అనడానికి వీల్లేదు. డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డుల సంస్థకు వాయించిన జామర్సన్ మందమైన లా బెల్లా ఫ్లాట్‌వౌండ్ (చదునైన పట్టీ చుట్టిన) తీగలు వేసుకునేవారు, అవి తెగితే తప్ప మార్చేవారు కారు. ఆయన పేరు రికార్డు అట్ట మీద అచ్చయిన అరుదైన సందర్భం 1971లో వచ్చిన మార్విన్ గే ఆల్బమ్ ‘వాట్స్ గోయింగ్ ఆన్’. అందులో బేస్‌ను శ్రద్ధగా వింటే, ప్రతి స్వరం గుండ్రంగా మొదలై, ఎక్కువసేపు నిలవకుండా తగ్గిపోవడం తెలుస్తుంది. బ్రిడ్జి మీద ఉండే లోహపు మూత లోపల ఒక స్పాంజి తీగలను ఆనుకుని ఉండేది. అది ఆయన సొంత కల్పన కాదు. ఆ కాలపు ప్రెసిషన్ బేసులు కర్మాగారం నుంచే ఆ స్పాంజితో వచ్చేవి. తరువాతి తరం ఆ మూతలను తీసి పారేసింది, స్పాంజి కూడా వాటితోనే పోయింది.

ఇందుకు పూర్తిగా ఎదురు దిశలో ఉన్నది రౌండ్‌వౌండ్ (గుండ్రని తీగ చుట్టిన) తీగల నాదం. ద హూ బృందపు బేసిస్టు జాన్ ఎంట్విసిల్ 1960ల మధ్యలో తీగల తయారీ సంస్థ రోటోసౌండ్‌తో కలిసి పనిచేసిన తరువాత ఉక్కు రౌండ్‌వౌండ్ తీగలు బ్రిటన్‌లో వ్యాపించాయి. స్క్వైర్ వాయించిన రికెన్‌బాకర్ బేస్‌లోని లోహపు గలగల, జాకో ఫ్రెట్‌లెస్‌లోని పాడే గుణం ఆ తీగలు లేకుండా రావు. రౌండ్‌వౌండ్ తీగ చుట్టు మధ్య సందుల్లో చెమట, చర్మపు పొట్టు చేరిన కొద్దీ పై స్థాయి అనుస్వరాలు (మూలస్వరంతో పాటు మోగే పై స్వరాలు) ముందుగా చచ్చిపోతాయి. ఫ్లాట్‌వౌండ్ తీగ పైపొర నునుపుగా ఉండే పట్టీ కాబట్టి ఆ సమస్య తక్కువ, ఏళ్ల తరబడి మన్నుతుంది.

అయితే ‘జామర్సన్ మార్చలేదు కదా’ అని పాడైన రౌండ్‌వౌండ్ తీగలతో సరిపెట్టుకోవడం పొరపాటు. తీగను పన్నెండో ఫ్రెట్ మీద నొక్కి మీటండి. తరువాత అదే చోట వేలు తాకించి హార్మోనిక్ పలికించండి. బ్రిడ్జి దగ్గర ఎంత సరిచేసినా ఆ రెండు స్వరాలూ కలవకపోతే తీగ తన పొడవునా ఒకే మందంతో లేదని అర్థం. అది మెత్తని నాదం కాదు, అపశ్రుతి.

ఈ మార్పును ఇంట్లోనే పరీక్షించుకోవడానికి ఎంతో ఖర్చు అక్కరలేదు. గిన్నెలు తోమే మెత్తని స్పాంజి నుంచి నాలుగు తీగల వెడల్పుకు సరిపోయే పట్టీని కత్తిరించి, బ్రిడ్జికి ముందు తీగల కింద దూర్చండి. అన్నింటికన్నా లావైన ఈ (E) తీగను మీటితే ‘దుమ్’మని పలికి, స్వరం ఏదో స్పష్టంగా తెలిసిన తరువాతే ఆగిపోవాలి. తట్టినట్టు మాత్రమే వినిపించి శ్రుతి తెలియకపోతే పట్టీ ఎత్తు ఎక్కువైనట్టు. కొద్దిగా కోసి మళ్లీ పెట్టండి. సన్నని జీ (G) తీగ మాత్రమే మోగుతూ ఉంటే ఆ వైపు పట్టీ అందడం లేదని అర్థం. ఇది చేసి చూసిన తరువాత పికప్ మార్చాలన్న కోరిక చాలామందిలో చల్లబడటం నేను గమనించాను.

ఫ్లాట్‌వౌండ్ తీగలకు మారేవారికి ఒక హెచ్చరిక. వాటిలో చాలా రకాలకు బిగువు ఎక్కువ, అందువల్ల నెక్ ముందుకు వంగి తీగలు ఎత్తుగా లేస్తాయి. అలాంటప్పుడు బ్రిడ్జి శాడిళ్లను (తీగలు ఆనే ఆధారాలను) దించే ముందు ట్రస్ రాడ్‌ను (నెక్ లోపలి లోహపు కడ్డీని) పావు చుట్టు బిగించి, ఒక రోజు ఆగి చూడాలి. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో వర్షాకాలపు తేమకే నెక్ కదులుతుంది కాబట్టి ఈ రెండు మార్పులూ ఒకేసారి మీద పడకుండా చూసుకుంటే మంచిది.

అపోహ: పిక్ (తీగను మీటే చిన్న బిళ్ల) పట్టుకునేవాడు బేసిస్టు కాదు, దారి తప్పిన గిటారిస్టు.

ఈ మాటను కొందరు గురువులే శిష్యులకు నూరిపోయడం విచారకరం. లాస్ ఏంజెలిస్ స్టూడియోల్లో లెక్కలేనన్ని రికార్డింగులకు పనిచేసిన కారల్ కే పిక్‌తోనే వాయించారు, తీగల మీద ఫెల్ట్ గుడ్డ పెట్టి మోతను అణిచారు. యెస్ బృందపు స్క్వైర్ పిక్‌తో మీటుతూనే బొటనవేలి అంచును తీగకు తాకించేవారు. ఓజేస్ బృందం 1973లో రికార్డు చేసిన ‘ఫర్ ద లవ్ ఆఫ్ మనీ’ పాటకు ఆంథొనీ జాక్సన్ పిక్‌తో, ఫేజర్ అనే ధ్వని ఎఫెక్ట్‌తో వాయించిన బేస్ వరస ఎంత ప్రధానమైనదంటే, ఆయన పేరు ఆ పాట రచయితల్లో ఒకటిగా నమోదైంది.

రెండు వేళ్లతో ఒకదాని తరువాత ఒకటిగా మీటడమే శాస్త్రీయమన్నదీ ఇలాంటిదే. జామర్సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడారు. నేర్చుకునేవారికి నేను రెండు వేళ్ల పద్ధతినే ముందు చెబుతాను, ఎందుకంటే వేగం సులువుగా వస్తుంది. అది సౌకర్యానికి సంబంధించిన సలహా తప్ప శాసనం కాదు.

అపోహ: టోన్ అంతా వేళ్లలోనే ఉంది, పరికరం ఏదైనా ఒకటే.

పరికరాల వ్యామోహానికి విరుగుడుగా పుట్టిన ఈ మాట ఇప్పుడు తానే ఒక అపోహగా తయారైంది. మీటే చోటు చాలా ముఖ్యం, సందేహం లేదు. జాకో బ్రిడ్జి పికప్ మీదుగా మీటేవారు, వాల్యూమ్ కూడా ఆ పికప్‌కే ఎక్కువ ఇచ్చేవారు. అక్కడ తీగ గట్టిగా ఉండి, మూలస్వరం కన్నా అనుస్వరాలు ముందుకు వస్తాయి. అదే చేతిని నెక్ చివరకు జరిపితే వాద్యం మారినంతగా నాదం మారుతుంది. అయినా జాకో వేళ్లకు స్పాంజి పెట్టిన ఫ్లాట్‌వౌండ్ ప్రెసిషన్ ఇచ్చి ఉంటే, అదే వాదకుడని పోల్చుకోగలిగేవాళ్లమేమో గానీ, ఆ నాదం మాత్రం దక్కేది కాదు. వేళ్లు వాక్యాన్ని నిర్ణయిస్తాయి. తీగ, పికప్ ఉన్న చోటు దాని రంగును నిర్ణయిస్తాయి.

అపోహ: ఫ్రెట్‌లెస్ బేస్‌ను కనిపెట్టింది జాకో.

ఆయన దాన్ని కనిపెట్టలేదు. దానికి సొంత గొంతు ఇచ్చారు. రోలింగ్ స్టోన్స్ బేసిస్టు బిల్ వైమన్ 1960ల ఆరంభంలోనే ఒక చవక బేస్ ఫ్రెట్లు పీకి వాయించారు. యాంపెగ్ సంస్థ 1966లో ఫ్రెట్‌లెస్ బేస్‌ను అమ్మకానికి తెచ్చింది, ఫెండర్ 1970లో ఫ్రెట్‌లెస్ ప్రెసిషన్‌ను విడుదల చేసింది. జాకో తొలి సోలో ఆల్బమ్ వచ్చింది 1976లో. తన జాజ్ బేస్ ఫ్రెట్లు ఎలా పోయాయన్న విషయాన్ని ఆయనే వేర్వేరు సందర్భాల్లో వేర్వేరుగా చెప్పారు కనుక ఆ కథను పట్టుకుని వాదించుకోవడం అనవసరం.

ఫింగర్‌బోర్డ్ మీద ఆయన పూసిన ఎపాక్సీ (గట్టిపడే రెసిన్ పూత) సంగతి వేరు. ఉక్కు రౌండ్‌వౌండ్ తీగలు చెక్కను అరగదీయకుండా కాపాడటం దాని అసలు పని. నాదానికి కొంత మెరుపు కూడా వచ్చింది. ఉన్న ఒక్క బేస్ ఫ్రెట్లు పీకి ఎపాక్సీ పోయాలన్న ఉత్సాహం ఎవరికైనా ఉంటే, ముందుగా చవకైన ఫ్రెట్‌లెస్ ఒకటి అరువు తెచ్చుకుని, ట్యూనర్ ఎదురుగా పెట్టుకుని నెమ్మదైన పాట ఒకటి వాయించి చూడమని నా విన్నపం. గమకం రావడం సులువే, అది ముగిసిన చోట శ్రుతిలో ఆగడమే కష్టం.

అపోహ: స్లాప్ (తీగను బొటనవేలితో కొట్టి, లాగి వదిలే పద్ధతి) అంటే లారీ గ్రాహంతోనే మొదలు.

ఎలక్ట్రిక్ బేస్ విషయంలో ఈ మాట దాదాపు సరైనదే. తల్లితో కలిసి వాయించే చిన్న బృందంలో డ్రమ్మర్ లేకపోవడంతో, బేస్ డ్రమ్ లోటును బొటనవేలి దెబ్బతో, స్నేర్ లోటును తీగ లాగి వదలడంతో ఆయన పూడ్చారు. కాని డబుల్ బేస్ తీగలను లాగి ఫింగర్‌బోర్డ్‌కు కొట్టే పద్ధతి న్యూ ఆర్లీన్స్ వాదకుల్లో ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల నుంచీ ఉంది.

అపోహ: పెద్ద యాంప్లిఫైయర్ లేనిదే లోతైన బేస్ రాదు.

వేదిక మీద కనిపించినదాన్ని రికార్డులో విన్నదానితో కలిపేయడం వల్ల వచ్చిన అపోహ ఇది. యాంపెగ్ 1969లో తెచ్చిన ఎస్‌వీటీ 300 వాట్ల వాల్వ్ యాంప్లిఫైయర్, ఎనిమిది 10 అంగుళాల స్పీకర్ల పెట్టెతో డెబ్భైల వేదికలను ఏలింది. అది పుట్టిందే పెద్ద మైదానాల్లో గిటార్ల హోరును దాటి వినిపించడానికి. స్టూడియోల్లో పరిస్థితి వేరు. మోటౌన్‌లో బేస్‌ను యాంప్లిఫైయర్ ప్రమేయం లేకుండా నేరుగా రికార్డింగ్ కన్సోల్‌లోకి పంపేవారు. ఇతర చోట్ల ఎక్కువగా కనిపించింది యాంపెగ్ బీ-15. ఒకే ఒక్క 15 అంగుళాల స్పీకరు, 25 నుంచి 30 వాట్ల శక్తి దానివి.

ఇంకో సంగతి కూడా ఉంది. బేస్ గిటారులో అన్నింటికన్నా లావు తీగ మూలస్వరం సుమారు 41 హెర్ట్జ్. లోతుకు మారుపేరుగా చెప్పుకునే ఎనిమిది స్పీకర్ల పెట్టె నేటి నమూనాకు తయారీదారు ఇచ్చే లెక్కలోనే ధ్వని సుమారు 58 హెర్ట్జ్ దగ్గర తగ్గడం మొదలవుతుంది. మన చెవి 82 హెర్ట్జ్ వద్ద ఉండే అనుస్వరాన్ని, ఆ పైవాటిని విని, లోపించిన మూలాన్ని తానే పూరించుకుంటుంది. అందువల్ల ఇంట్లో చిన్న స్పీకరు మీద బేస్ నాబ్‌ను చివరిదాకా తిప్పడం వల్ల లోతు రాదు, స్పీకరు కోను వణుకుతుంది అంతే. 100 నుంచి 300 హెర్ట్జ్ మధ్య ప్రాంతాన్ని కొద్దిగా పెంచి, అట్టడుగును తగ్గిస్తే స్వరం నిండుగా వినిపిస్తుంది. అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి మంచి హెడ్‌ఫోన్లు, ఆడియో ఇంటర్‌ఫేస్ చాలు. పైగా అది మోటౌన్ పద్ధతికి ఎస్‌వీటీ కన్నా దగ్గరి దారి.

స్క్వైర్ విషయం మాత్రం దీనికి మినహాయింపు. రికెన్‌బాకర్ రెండు పికప్‌లనూ విడదీసి వేర్వేరు యాంప్లిఫైయర్లకు పంపి, పదునైన వైపును గరగరలాడేలా చేసి, అడుగు వైపును శుభ్రంగా ఉంచేవారు. ఇక్కడ యాంప్లిఫైయర్ వాద్యంలో భాగమే.

అపోహ: బ్యాటరీతో నడిచే బేస్ కొత్త తరానిది, ప్యాసివ్ (బ్యాటరీ లేనిది) మాత్రమే డెబ్భైల అసలు సరుకు.

స్టాన్లీ క్లార్క్ చేతిలో పేరుపొందిన అలెంబిక్ బేసుల్లో యాక్టివ్ (బ్యాటరీతో నడిచే) ఎలక్ట్రానిక్స్ డెబ్భైల తొలి ఏళ్లలోనే ఉన్నాయి. లియో ఫెండర్ భాగస్వామిగా ఉన్న మ్యూజిక్‌మ్యాన్ సంస్థ 1976లో స్టింగ్‌రే అనే యాక్టివ్ బేస్‌ను తెచ్చింది. లూయిస్ జాన్సన్ స్లాప్‌కూ, షీక్ బృందంలో బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ డిస్కో వరసలకూ ఆ బేసే ఆధారం. కాబట్టి స్టింగ్‌రే తరహా బేస్ ఉన్నవారు డెబ్భైల నాదం కోసం దాన్ని అమ్ముకోనక్కరలేదు.

యాక్టివ్ బేస్ కొన్నవారు ముందుగా నేర్చుకోవలసింది ఈక్యూ (నాదాన్ని సర్దే నాబ్‌లు) వాడకం కాదు, కేబుల్ తీయడం. ఇలాంటి బేసుల్లో కేబుల్ దూర్చగానే సర్క్యూట్ మొదలవుతుంది. వాయించడం అయ్యాక కేబుల్ అలాగే ఉంచి బేస్‌ను స్టాండ్‌కు తగిలిస్తే 9 వోల్టుల బ్యాటరీ ఊరికే ఖాళీ అవుతుంది. నాదం మందగించి, గట్టిగా మీటినప్పుడు మాత్రం చీలినట్టు వినిపిస్తుంటే పికప్‌ను అనుమానించే ముందు ఆ బ్యాటరీని మార్చి చూడండి.