తెలుసు, కానీ చేయడం లేదు: వ్యాయామం, ప్రవర్తన మార్పు సిద్ధాంతాలపై అపోహలు - వాస్తవాలు

"చిలక్కి చెప్పినట్టు చెప్పాం, అయినా కదల్లేదు." ఆరోగ్య కార్యక్రమాల సమీక్షల్లో తరచూ వినబడే మాట ఇది. తప్పంతా విన్నవాళ్ళదేనని అందులోని ధ్వని. ప్రవర్తన మార్పు సిద్ధాంతాలు పుట్టింది ఆ "అయినా" దగ్గరే. తీరా చూస్తే ఆ సిద్ధాంతాల చుట్టూ కూడా అపోహలు బాగానే అల్లుకున్నాయి. వ్యాయామం విషయంలో ఎక్కువ నష్టం చేసేవి ఇవి.

అపోహ: వ్యాయామం మంచిదని తెలిస్తే మొదలుపెడతారు

వ్యాయామం మంచిదేనా అని ఎవరిని అడిగినా అవుననే అంటారు. కాబట్టి లోటు ఎక్కువగా అక్కడ లేదు. 1950లలో అమెరికా ప్రజారోగ్య శాఖకు ఇదే చిక్కు ఎదురైంది. క్షయ పరీక్షకు ఎక్స్‌రే వాహనాలను ఇళ్ళ దగ్గరికే పంపినా జనం అనుకున్నంతగా రాలేదు. ఎందుకు రాలేదన్న ప్రశ్న నుంచే ఆరోగ్య విశ్వాస నమూనా (హెల్త్ బిలీఫ్ మోడల్) రూపుదిద్దుకుంది. ఈ జబ్బు నాకు వస్తుందా, వస్తే ఎంత ప్రమాదం, చేస్తే లాభమేమిటి, చేయడానికి అడ్డేమిటి, ఇప్పుడే కదలమని తట్టేదేమిటి: మనిషి మనసులో ఇన్ని లెక్కలు నడుస్తాయంటుంది ఆ నమూనా. మన కరపత్రాలు మొదటి మూడింటి మీదే పేజీలు నింపుతాయి. 1984లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను సమీక్షిస్తే, ప్రవర్తనతో అన్నిటికంటే గట్టిగా ముడిపడి కనిపించింది నాలుగోది, అంటే అడ్డంకులు. అందుకే మొదటి సంభాషణలో లాభాలు వల్లించే బదులు, "పోయిన వారం నడవాలనుకుని నడవలేకపోయిన రోజు ఏం అడ్డొచ్చింది?" అని అడగాలి. "ఎందుకు నడవడం లేదు?" అని అడిగితే వచ్చేది సంజాయిషీయే.

సమాచారం పనికొచ్చే చోటు ఒకటుంది, తప్పుడు లెక్క సరిచేసేటప్పుడు. ఒకేసారి కనీసం 10 నిమిషాలైనా చేయకపోతే లెక్కలోకి రాదని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఆ నిబంధన తీసేసింది. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ, దానికి తోడు కనీసం 2 రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం. ఇందులో చిన్న చిన్న ముక్కలూ కలుస్తాయి.

అపోహ: గట్టిగా భయపెడితే దారికొస్తారు

1965లో మనస్తత్వవేత్త హోవర్డ్ లెవెంథాల్ బృందం విద్యార్థులకు ధనుర్వాతం గురించి కరపత్రాలిచ్చింది, కొన్ని బాగా భయపెట్టేవి, కొన్ని కాస్త మెత్తనివి. భయం అభిప్రాయాలను మార్చింది. టీకా మాత్రం సుమారు 3 శాతం మందే వేయించుకున్నారు. ఆరోగ్య కేంద్రానికి దారి చూపే పటం, వేళలు, మీ వారంలో ఎప్పుడు వీలవుతుందో చూసుకోండన్న సూచన జోడించిన చోట అది 28 శాతం దాకా వెళ్ళింది. భయం ఎంత మోతాదులో ఉందన్నది టీకా వేయించుకోవడంలో తేడా తేలేదు. అలాగని భయం ఊసే లేకుండా పటం ఒక్కటి ఇచ్చినా పనిచేయలేదు.

కిమ్ విట్ 1992లో ప్రతిపాదించిన నమూనా ఇందులోని గుట్టు చెబుతుంది. ముప్పు పెద్దదిగా కనిపించి, దాన్ని తప్పించుకోగలనన్న నమ్మకం చిన్నదిగా ఉంటే, మనిషి ముప్పును వదిలేసి భయాన్ని అణచుకునే పనిలో పడతాడు. పోస్టర్ వైపు చూడడం మానేస్తాడు, "మా తాత ఏ వ్యాయామం చేశాడు, తొంభై ఏళ్ళు బతికాడు" అంటాడు. గుండెజబ్బు గురించి ఒక వాక్యం రాస్తే, ఆ పక్కనే ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అన్నది రాయండి. అది రాయడానికి చోటు లేకపోతే మొదటి వాక్యం కూడా వద్దు.

అపోహ: సంకల్పం గట్టిదైతే చాలు

అన్నిటికంటే మొండి అపోహ ఇదే. దీనికి సిద్ధాంతం కూడా కొంత ఊతమిచ్చింది. ఐసెక్ ఐజెన్ ప్రణాళికాబద్ధ ప్రవర్తన సిద్ధాంతంలో వైఖరి, చుట్టూ ఉన్నవాళ్ళ అంచనాలు, పని తన చేతిలో ఉందన్న భావన, ఈ మూడూ కలిసి సంకల్పం అవుతాయి, సంకల్పం ప్రవర్తనకు దారి తీస్తుంది. ఆ చివరి మలుపులోనే చాలామంది జారిపోతారు. 47 ప్రయోగాలను కలిపి చూసిన 2006 నాటి విశ్లేషణలో, సంకల్పాన్ని ఒక మోస్తరుకు మించి పెంచినా ప్రవర్తనలో మార్పు దానికంటే బాగా చిన్నదిగానే తేలింది. వ్యాయామం మీదే చేసిన 2013 విశ్లేషణలో, సంకల్పానికీ ఆచరణకూ మధ్య ఎడం 46 శాతం, అంటే చేయాలనుకున్నవాళ్ళలో అంతమంది చేయలేదు. ఇంతమందికీ ఆరంభశూరత్వమని పేరు పెట్టి ఊరుకుంటే మనం చేసేదేమీ ఉండదు.

ఈ ఎడాన్ని పూడ్చే పనిముట్టు మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ చెప్పిన "ఇలా జరిగితే, ఇలా చేస్తాను" ప్రణాళిక. "రేపటినుంచి సాయంత్రాలు నడుస్తాను" అన్నది కోరిక. "పని నుంచి ఇంటికొచ్చి తలుపు తీయగానే, కుర్చీలో కూర్చోకముందే, బూట్లు మార్చుకుని 15 నిమిషాలు నడుస్తాను" అన్నది ప్రణాళిక. మొదటి సగంలో రోజూ తప్పకుండా జరిగే, కంటికి కనిపించే సంఘటన ఉండాలి. గడియారం కంటే సంఘటన నయం, ఎందుకంటే 6 గంటలైందని గమనించడమే మరిచిపోతాం, తలుపు తీయడం మరిచిపోం.

ఇది కాగితం మీద తేలికే, ఆచరణలో నాలుగు రకాలుగా చెడుతుంది. సలహాదారే వాక్యం రాసిచ్చి సంతకం పెట్టించుకోవడం మొదటిది. అవతలి మనిషి తన నోటితో, తన మాటల్లో చెప్పాలి. రెండోది, ఒకే సమావేశంలో నడక, ఆహారం, నిద్ర మూడింటికీ ప్రణాళికలు వేయించడం. అసలు చేయాలని లేనివాళ్ళ చేత రాయించడం మూడోది, సంకల్పం లేనిచోట ఈ ప్రణాళికకు పట్టు దొరకదు. నాలుగోది అడ్డంకికి రెండో వాక్యం లేకపోవడం: "వాన పడితే ఇంట్లోనే 10 నిమిషాలు మెట్లు ఎక్కి దిగుతాను." ఈ రెండో వాక్యం రాయించకుండా ఎవరినీ పంపకండి.

అపోహ: 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది

ఈ అంకె ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960లో రాసిన పుస్తకం నుంచి బయల్దేరింది. శస్త్రచికిత్స తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందన్నది ఆయన గమనింపు. "కనీసం" దారిలో రాలిపోయింది, ముఖం వ్యాయామమైంది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనిస్తే, పని దానంతటదే జరిగిపోయే స్థితికి చేరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. వ్యక్తిని బట్టి అంచనా 18 నుంచి 254 రోజుల దాకా మారింది. వ్యాయామానికి తిండి, పానీయాల అలవాట్లకంటే ఎక్కువ కాలం పట్టింది.

నాలుగు వారాల కార్యక్రమం ముగించి సర్టిఫికెట్లిచ్చేసరికి చాలామంది ఇంకా సగం దారిలోనే ఉంటారన్నమాట. ఫోన్ పలకరింపులు 1, 2, 4, 8, 12 వారాలకు పరిస్తే అదే ఖర్చుతో మూడు నెలలు తోడుండవచ్చు. ఒక రోజు తప్పితే అలవాటు ఏర్పడటం మీద పెద్ద ప్రభావమేమీ లేదని కూడా అదే అధ్యయనం చూపింది. మనిషిని దెబ్బతీసేది ఆ తప్పిన రోజు కాదు, "ఇక నా వల్ల కాదు" అన్న తీర్పు. ఈ సంగతి మొదటి రోజే చెప్పాలి. మానేసిన తర్వాత చెబితే ఓదార్పులా వినిపిస్తుంది.

అపోహ: మార్పు దశలు మెట్లలాంటివి, దశ తెలిస్తే మందు తెలిసినట్టే

మనిషి దశల వారీగా మారతాడనే ప్రోచాస్కా, డిక్లెమెంటె నమూనా పొగ మానేవాళ్ళను చూసి తయారైంది. ఆరు నెలల్లోపు మారే ఆలోచన లేకపోతే ఒక దశ, ఉంటే ఇంకోటి, 30 రోజుల్లో మొదలుపెడతానంటే మరోటి. ఈ గీతలు ప్రకృతి గీసినవి కావు. జనం ముందుకూ వెనక్కూ దూకుతూనే ఉంటారు. దశను బట్టి మలచిన పొగమాన్పు సాయం, మలచని అలాంటి సాయం కంటే మెరుగని, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2010 సమీక్షలో తేలలేదు. వ్యాయామంలో ఇంకో తిరకాసు: తాను బాగానే తిరుగుతున్నానని మనిషి అనుకుంటాడు, నిమిషాలు లెక్కిస్తే కాదు. దశ అడిగే ముందు నిమిషాలు అడగండి. సంభాషణ మొదలుపెట్టడానికి ఈ నమూనా బాగుంటుంది, మనుషులను అరల్లో సర్దడానికి కాదు.

అపోహ: "నువ్వు చేయగలవు" అంటే నమ్మకం పెరుగుతుంది

సెల్ఫ్ ఎఫికసీకి, అంటే ఈ పని నేను చేయగలనన్న నమ్మకానికి, మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో నాలుగు ఊటలు చెప్పాడు: స్వయంగా సాధించిన అనుభవం, తనలాంటివాళ్ళు చేయడం చూడటం, మాటల ప్రోత్సాహం, ఒంటి సంకేతాలను అర్థం చేసుకునే తీరు. అన్నిటికంటే బలమైనది మొదటిది, మనం ఎక్కువగా వాడేది మూడోది. మొదటిదాన్ని వాడటం ఇలా. వారం రోజులు ఏమీ మార్చకుండా అడుగులు లెక్కపెట్టించండి. సగటు 3,500 వస్తే తర్వాతి లక్ష్యం 4,000, అంతేగానీ 10,000 కాదు. ఆ పదివేల అంకె 1965లో జపాన్‌లో అమ్మిన అడుగుల లెక్క పరికరం పేరు నుంచి వచ్చింది. లక్ష్యం కుదిరాక "0 నుంచి 10లో ఎంత నమ్మకం?" అని అడగండి. 7 కంటే తక్కువ చెబితే మనిషికి ధైర్యం నూరిపోయకండి, లక్ష్యం తగ్గించండి.

నాలుగో ఊటను చాలామంది వదిలేస్తారు. కొత్తవాళ్ళకు ఆయాసం అంటే ప్రమాదం. మాట్లాడగలిగి, పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ అని ముందే చెబితే, అదే ఆయాసం సరిగ్గా చేస్తున్నామన్న గుర్తుగా మారుతుంది. ఛాతీనొప్పి, కళ్ళు తిరగడం మాత్రం ఈ లెక్కలోకి రావు, వెంటనే ఆపి వైద్యుణ్ణి కలవాలి.

అపోహ: మంచి సిద్ధాంతం ఒక్కటి ఎంచుకుంటే చాలు

సూసన్ మిషీ బృందం 2011లో 19 నమూనాలను జల్లెడ పట్టి కామ్-బి (COM-B) అనే నమూనా తెచ్చింది. సామర్థ్యం, అవకాశం, ప్రేరణ, వీటిలో ఏది కొరవడిందో ముందు చూడమంటుంది. మోకాలినొప్పికి తగిన వ్యాయామం తెలియకపోవడం మొదటిది, నడవడానికి వెలుతురున్న దారి లేకపోవడం రెండోది. దారి లేనివాళ్ళకు ప్రేరణ ఉపన్యాసం ఇవ్వడం మన రంగంలో రోజూ జరిగే పొరపాటు.

అదే బృందం 2013లో ప్రవర్తన మార్పు మెళకువలను 93గా వర్గీకరించింది. "కౌన్సెలింగ్ ఇచ్చాం" అని నివేదికలో రాస్తే అందులో ఏది వాడారో ఎవరికీ తెలియదు. ఏ మెళకువ, ఎవరు, ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు, అవతలి మనిషి దాన్ని నిజంగా చేశాడా: ఈ ఐదు గడులు నింపితే, ఫలితం రానప్పుడు కూడా ఎక్కడ ఆగిందో వెతకడానికి దారి ఉంటుంది.