ట్విన్ అవుట్‌బోర్డ్‌ల మధ్య దూరం: కొన్ని అపోహలు, అసలు వాస్తవాలు

సన్నగా, అడుగు లోతైన వి ఆకారంలో ఉన్న స్పీడ్ బోటుకు వెనక బయటివైపు బిగించే రెండు ఇంజన్ల (ట్విన్ అవుట్‌బోర్డ్‌ల) గురించే ఈ పోస్టు. ట్రాన్సమ్‌కు, అంటే ఇంజన్లు బిగించే బోటు వెనక గోడకు, ఒకసారి రంధ్రాలు పడ్డాక మార్చడం చాలా కష్టం, కాబట్టి డ్రిల్ పట్టే ముందే ఇవి తేల్చుకోండి.

అపోహ: ఇంజన్లు ఎంత దూరంగా ఉంటే బోటు అంత నిలకడ.

రేవులో ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి వేసి మెల్లగా తిప్పేటప్పుడు దూరం కొంత పనికొస్తుంది, నిజమే. కానీ వేగంలో మలుపు తీసుకుంటే బోటు లోపలి వైపుకు ఒరుగుతుంది, బయటి ఇంజన్ పైకి లేస్తుంది, మధ్య నుంచి ఎంత దూరంగా ఉంటే అంత ఎక్కువ లేస్తుంది. ప్రొపెల్లర్‌కు గాలి తగిలిందంటే పట్టు పోయి ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) ఒక్కసారిగా ఎగురుతుంది. కాటమరాన్ (పక్కపక్కనే రెండు హల్‌లు, అంటే రెండు పడవ దేహాలు ఉన్న బోటు) ఫొటోలు చూపించి అడగకండి, దానికి ఒక్కో హల్ వెనక ఒక్కో ఇంజన్, ఆ లెక్కే వేరు.

అపోహ: దగ్గరగా పెడితే ప్రొపెల్లర్లు ఒకదాని నీళ్లు ఒకటి చెడగొడతాయి.

సెంటర్ల మధ్య 26 అంగుళాలు, ప్రొపెల్లర్ వ్యాసం 15 అంగుళాలు అనుకుంటే రెక్కల కొసల మధ్య ఇంకా 11 అంగుళాలు ఉంటుంది. సాధారణంగా ముందు అడ్డొచ్చేది ఇంజన్ పైనున్న కౌలింగ్ (మూత). టై బార్ (రెండు ఇంజన్లూ కలిసి తిరిగేలా కలిపే కడ్డీ) బిగించాక ఒక ఇంజన్ పైకెత్తి, రెండోది కిందే ఉంచి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. కంపెనీ చెప్పిన కనీస దూరం కంటే మాత్రం ఒక్క అంగుళం కూడా తగ్గించొద్దు.

అపోహ: దూరం మార్చినా ఇంజన్లు బిగించే ఎత్తు అదే ఉంచొచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. డెడ్‌రైజ్ (బోటు అడుగు మధ్య నుంచి పక్కలకు పైకి వాలిన కోణం) 24 డిగ్రీలైతే, మధ్యగీత నుంచి పక్కకు జరిగిన ప్రతి అంగుళానికీ బోటు అడుగు దాదాపు 0.45 అంగుళం పైకి పోతుంది. ఇంజన్ల మధ్య 26 అంగుళాలుంటే ఒక్కోటి మధ్య నుంచి 13 అంగుళాలు, అంటే అక్కడి అడుగు కీల్ (అడుగు మధ్యలో అన్నిటికంటే కింది గీత) కంటే సుమారు 5.8 అంగుళాలు పైన. అదే 32 చేస్తే 7.1. కాబట్టి ఎత్తు కీల్ నుంచి కాదు, ఇంజన్‌కు సరిగ్గా ముందున్న అడుగు నుంచి కొలవండి. గేర్‌కేస్ (ఇంజన్ కింద నీళ్లలో ఉండే, ప్రొపెల్లర్ బిగించిన భాగం) ముందు స్ట్రేక్ (బోటు అడుగున పొడవునా ఉండే గట్టు) ఉందేమో కూడా చూడండి, దాని వెనక వచ్చేది గాలి కలిసిన నీరు.

అపోహ: ఒకే వైపు తిరిగే ప్రొపెల్లర్లు బోటును పక్కకు లాగడాన్ని దూరంతో సరిచేయొచ్చు.

కుదరదు. రెండింటి టార్క్ (మెలితిప్పే బలం) ఒకే దిశలో కూడుతుంది, ఎదురెదురు దిశల్లో తిరిగే జతే కావాలి. ఇక టై బార్ విషయానికొస్తే, ముందు రెండు గేర్‌కేసులూ సమాంతరంగా ఉండేలా ముందు అంచుల దగ్గరా, వెనక ప్రొపెల్లర్ షాఫ్టుల దగ్గరా కొలిచి బిగించండి, మిగతా సర్దుబాటు నీళ్లలో నడిపి చూశాకే.