లైన్‌కి పురి ఎందుకెక్కుతుంది? స్పిన్నింగ్ రీలు లైన్ మీద అపోహలు - వాస్తవాలు

చేపలు పట్టే రాడ్‌కి బిగించే రీలుని సర్వీసింగ్‌కి తెచ్చేవాళ్ళలో చాలామందిది ఒకటే ఫిర్యాదు. "రెండుసార్లు విసిరితే మూడోసారి చిక్కుపడుతోందండీ, రీలు పోయినట్టుంది, కొత్తది కొనమంటారా?" స్పూల్ (రీలులో లైన్ చుట్టుకుని ఉండే గుండ్రటి భాగం) మీంచి ఒక మీటరు లైన్ లాగి, రెండు కొసలూ పట్టుకుని చేతులు దగ్గరికి తెస్తే చాలు, మధ్యలో వదులైన లైన్ దానంతటదే మెలితిరిగి తాడులా పేనుకుపోతుంది. రీలు విప్పి చూస్తే గేర్లు బాగుంటాయి, బేరింగులు బాగుంటాయి. దెబ్బతిన్నది లైన్ ఒక్కటే. ఆ మాట చెప్పగానే వాళ్ళ మొహాల్లో కనిపించే ఊరట చూస్తే, ఎవరో తెలిసీ తెలియక చెప్పిన మాటకి ఎంత కంగారుపడ్డారో అర్థమవుతుంది. ఈ ఒక్క అపోహతో మంచి రీళ్ళు మూలపడుతున్నాయి. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: లైన్ పదేపదే చిక్కుపడుతోందంటే రీలు నాసిరకం.

వాస్తవం: ఇలాంటి చిక్కులకి అసలు మూలం పురి. స్పిన్నింగ్ రీలులో విసిరేటప్పుడూ చుట్టేటప్పుడూ స్పూల్ గుండ్రంగా తిరగదు. రోటర్ దాని చుట్టూ తిరుగుతూ లైన్ చుట్టబెడుతుంది. కదలని కండె అంచు మీంచి దారం లాగితే చుట్టకో పురి పడుతుంది కదా, విసిరినప్పుడు జరిగేది అదే. తిరిగి చుట్టేటప్పుడు రోటర్ ఎదురు దిక్కున ఆ పురి తీసేస్తుంది. కాబట్టి మామూలుగా విసరడం, చుట్టడం వరకూ జమాఖర్చు సరిపోతుంది. లెక్క తప్పేది వేరే చోట్ల.

అన్నిటికన్నా పెద్ద తప్పు, డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైన్ తెగకుండా స్పూల్‌ని జారనిచ్చే బ్రేకు) జారుతుండగా హ్యాండిల్ తిప్పడం. చేప పడింది, లాగుతోంది, డ్రాగ్ టకటకమంటోంది. ఆ కంగారులో చెయ్యి ఆగదు. తిప్పుతున్నాం కాబట్టి చేప దగ్గరికొస్తోందనిపిస్తుంది. నిజానికి లైన్ ఒక్క అంగుళం కూడా లోపలికి రావడం లేదు. గేరు నిష్పత్తి 5.2:1 ఉన్న రీలులో హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే రోటర్ 5.2 సార్లు తిరుగుతుంది. లైన్ లోపలికి రానప్పుడు రోటర్ తిరిగిన ప్రతి చుట్టూ ఒక పురి అవుతుంది. 20 సార్లు తిప్పితే 104 పురులు. అంత పురీ మీకూ చేపకీ మధ్య ఉన్న ఆ కాస్త లైన్‌లోకే ఎక్కుతుంది. చేప చేతికొస్తుంది, ఆనందంలో ఎవరూ గమనించరు. మర్నాడు మొదటి విసురుకే లైన్ ఉరులు ఉరులుగా ఊడిపడుతుంది, తిట్లు రీలుకి పడతాయి.

చేయాల్సింది చిన్న పని. డ్రాగ్ చప్పుడు వినబడిన క్షణాన హ్యాండిల్ తిప్పడం ఆపండి. చేపను పోనివ్వండి. అది ఆగాక రాడ్‌ని నిదానంగా పైకి లేపి చేపను దగ్గరికి తెచ్చుకోండి. తర్వాత రాడ్ దించుతూ, దించినంత మేర లైన్ చుట్టుకోండి. లేపేటప్పుడు చుట్టకూడదు, దించేటప్పుడే చుట్టాలి. చిన్న చేపకి కూడా డ్రాగ్ జారిపోతోందంటే అది మరీ వదులుగా ఉందన్నమాట. లైన్ మీద రాసిన బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు బరువుకి జారేలా స్ప్రింగ్ త్రాసుతో సరిచూసుకోండి. 10 పౌండ్ల లైన్ అంటే సుమారు నాలుగున్నర కిలోలు, కాబట్టి డ్రాగ్ 1.1 నుంచి 1.5 కిలోల మధ్య జారాలి. లీడర్ (హుక్ ముందు కట్టే వేరే లైన్ ముక్క) అంతకన్నా బలహీనమైతే లెక్క లీడర్‌తో వేసుకోవాలి.

రెండో తప్పు లైన్ ఎక్కించేటప్పుడే జరుగుతుంది. వరస ఇది. రాడ్ మీద రీలుకి దగ్గరగా ఉన్న పెద్ద గైడ్ (లైన్ వెళ్ళే రింగు) గుండా లైన్ దూర్చండి. బెయిల్ (లైన్‌ని పట్టి స్పూల్ మీదికి మళ్ళించే తీగ కమ్మీ) తెరవండి. మూసి ఉండగా స్పూల్‌కి ముడివేసి, తీరా తిప్పితే చుట్టుకోక, కోసి మళ్ళీ కట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. స్పూల్ చుట్టూ లైన్ తిప్పి, కొసతో అసలు లైన్ చుట్టూ ఒక ముడి, కొస చివర ఇంకో ముడి వేసి లాగితే జారుముడిలా బిగుసుకుంటుంది. మిగిలిన కొస కత్తిరించి బెయిల్ మూయండి. మోనో (ఒంటిపోగు నైలాన్ లైన్) అయితే లైన్ కండెను లేబుల్ పైకి వచ్చేలా నేలమీద పడుకోబెట్టండి. రీలుకి ముందు లైన్‌ని తడిగుడ్డతో రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, నిదానంగా ఓ 15 చుట్లు చుట్టి ఆపండి.

ఇప్పుడు రాడ్‌ని కండె వైపు వంచి లైన్ వదులు చేయండి. వదులైన లైన్ పెద్ద పెద్ద వంపులుగా నేలమీద పడితే సరైన దిక్కే. చిన్న చిన్న మెలికలుగా పేనుకుంటే కండెను బోర్లించి, ఇంకో 15 చుట్లు చుట్టి మళ్ళీ చూడండి. లేబుల్ పైకే ఉండాలన్నది మొదలుపెట్టడానికి పనికొచ్చే మాట మాత్రమే. ఈ పరీక్షని నమ్మండి, లేబుల్‌ని కాదు. అర నిమిషం పని, చాలామంది వదిలేసేదీ ఇదే.

మిగతా కారణాలు చిన్నవే గానీ తోసెయ్యడానికి లేదు. బెయిల్ మూలనున్న లైన్ రోలర్‌ని వేలితో తిప్పి చూడండి. ఉప్పు పేరుకుని బిగుసుకుపోతే లైన్ దానిమీద దొర్లదు, ఒరుసుకుంటూ పోతుంది. మంచినీళ్ళతో కడిగి, ఆరాక ఒక్క చుక్క రీలు ఆయిల్ వేస్తే తిరుగుతుంది. గిరగిరా తిరిగే రేకు లూర్లు (నకిలీ ఎరలు) వాడితే వాటి ముందు స్వివెల్ (రెండు కొసలూ విడివిడిగా తిరిగే చిన్న కీలు) కట్టాలి. విసిరాక బెయిల్‌ని చేత్తో మూసి, వేళ్ళతో లైన్ కాస్త లాగి బిగించాకే హ్యాండిల్ తిప్పండి. హ్యాండిల్ తిప్పి బెయిల్ మూస్తే స్పూల్ మీద ఒక వదులు ఉరి మిగిలిపోతుంది. తర్వాతి విసురులో వెనక వచ్చే చుట్టలన్నిటినీ ఆ ఉరే ఈడ్చుకొస్తుంది.

పురి ఎక్కిన లైన్ పారేయక్కర్లేదు. కొసన ఉన్న హుక్, స్వివెల్, గుండు అన్నీ తీసేసి, ఖాళీ లైన్‌ని పారే నీళ్ళలోకో, నడుస్తున్న పడవ వెనక్కో 50, 60 మీటర్లు వదలండి. కొస స్వేచ్ఛగా ఉంటే పురి దానంతటదే విప్పుకుంటుంది. నాలుగైదు నిమిషాలాగి, వేళ్ళ మధ్య బిగువుగా పట్టి చుట్టుకోండి. నీళ్ళు దగ్గర్లో లేకపోతే ఖాళీ మైదానంలో గడ్డిమీద పరిచి, నడుస్తూ ఈడ్చినా పనిజరుగుతుంది. మోనో గట్టిగా ముడతలు పడి తెల్లటి మచ్చలు కనిపిస్తే మాత్రం ఆ భాగం కోసేయాల్సిందే.

అపోహ: స్పూల్ అంచుదాకా నింపితే ఎక్కువ దూరం పోతుంది.

వాస్తవం: అంచుకి 2, 3 మిల్లీమీటర్లు లోపలే ఆపాలి. అంతకు మించి నింపితే పై చుట్టలు గుంపుగా జారిపడతాయి. మరీ తక్కువ ఉంటే లైన్ అంచుకి ఒరుసుకుని దూరం తగ్గుతుంది.

ఎంత పడుతుందో ముందే లెక్కవేసుకోవచ్చు. స్పూల్ మీద 0.25/200 అని ఉంటే 0.25 మి.మీ. మందం లైన్ 200 మీటర్లు పడుతుందని అర్థం. మందం మారితే పొడవు మందం వర్గాన్ని బట్టి మారుతుంది. 0.30 మి.మీ. లైన్ అదే స్పూల్ మీద దాదాపు 139 మీటర్లే పడుతుంది. 0.16 మి.మీ. బ్రెయిడ్ (సన్నటి పోగులు కలిపి అల్లిన లైన్) అయితే 480 మీటర్లు దాటుతుంది. అంత బ్రెయిడ్ ఎవరికీ అక్కర్లేదు. ముందు 0.25 మోనో 135, 140 మీటర్లు అడుగున చుట్టి, దానిమీద 150 మీటర్ల బ్రెయిడ్ కడితే స్పూల్ సరిగ్గా నిండుతుంది. ఖర్చూ తగ్గుతుంది, జారే సమస్యా ఉండదు. నున్నటి లోహపు స్పూల్ మీద బ్రెయిడ్ నేరుగా కడితే మొత్తం చుట్ట స్పూల్ మీద గిర్రున తిరుగుతుంది. అప్పుడు డ్రాగ్ ఎంత బిగించినా చేప లాగుతూనే ఉంటుంది. డ్రాగ్ పాడైందని రిపేరుకి తెచ్చే రీళ్ళలో ఇలాంటివీ ఉంటాయి. రబ్బరు పట్టీ ఉన్న స్పూల్‌కి మాత్రం అడుగున మోనో లేకుండా నేరుగా కట్టుకోవచ్చు.

అపోహ: లైన్ ఎంత లావైతే అంత భద్రం.

వాస్తవం: లావు మోనో వైరులా బిర్రుగా ఉండి, చిన్న స్పూల్ మీంచి స్ప్రింగులా ఎగిరి ఊడిపోతుంది. 2500 సైజు (అంకె పెరిగేకొద్దీ రీలు పెద్దది) రీలుకి 6 నుంచి 10 పౌండ్ల మోనో హాయిగా నడుస్తుంది. 1000 సైజుకి 4, 6 పౌండ్లు, 4000 సైజుకి 10 నుంచి 14. అంతకన్నా బలం కావాలంటే లావు మోనో బదులు బ్రెయిడ్‌కి మారండి. 20 పౌండ్ల బ్రెయిడ్ చాలావాటి మందం 6, 8 పౌండ్ల మోనో అంతే ఉంటుంది. అయితే పౌండ్లు చూసి మందం ఊహించకండి. కంపెనీకో తీరు. డబ్బా మీద మిల్లీమీటర్లు చదవండి.

అపోహ: బ్రెయిడ్ రీలుని తినేస్తుంది, గైడ్లని కోసేస్తుంది.

వాస్తవం: పాత మెత్తటి లోహపు గైడ్లు అరుగుతాయి, నిజమే. సిరామిక్ రింగు ఉన్నవాటికి భయం లేదు, పగుళ్ళు ఉన్నాయేమో దూదితో తుడిచి చూసుకుంటే చాలు. బ్రెయిడ్ అసలు ప్రమాదం చేతికి. హుక్ రాయికి తగులుకుంటే బ్రెయిడ్ వేళ్ళకి చుట్టి లాగకండి, కండ తెగుతుంది. కర్రకి చుట్టి లాగండి. ఎక్కించేటప్పుడు కండెలో కర్ర దూర్చి తిరగనిస్తూ, బాగా బిగువుగా చుట్టాలి. వదులుగా చుట్టిన బ్రెయిడ్ బరువు పడగానే కింది వరసల్లోకి దిగబడిపోతుంది.

అపోహ: ఫ్లోరోకార్బన్ లైన్ నీళ్ళలో మాయమైపోతుంది.

వాస్తవం: తక్కువ కనిపిస్తుంది, అంతే. కాంతిని వంచే తీరు (వక్రీభవన గుణకం) నీటికి ఎంత దగ్గరగా ఉంటే లైన్ అంత తక్కువ కనిపిస్తుంది: నీటికి 1.33, ఫ్లోరోకార్బన్‌కి 1.42, నైలాన్‌కి సుమారు 1.53. మునగడం దాని అసలు బలం. నీటి సాంద్రత 1 అనుకుంటే దానిది 1.78, నైలాన్‌కి 1.14, బ్రెయిడ్‌కి 0.97, అందుకే బ్రెయిడ్ తేలుతుంది. బిర్రుతనం వల్ల ఫ్లోరోకార్బన్ స్పూల్ నిండా ఎక్కిస్తే కొత్తవాళ్ళకి చిక్కులే మిగులుతాయి. ఒకటి రెండు మీటర్ల లీడర్‌గా కట్టుకోండి.

అపోహ: ఏడాదికోసారి మారిస్తే చాలు.

వాస్తవం: క్యాలెండర్ చూసి మార్చేది కాదు. కొసనుంచి మొదటి మూడు నాలుగు మీటర్లు వేలి గోరు మీదుగా లాగి చూడండి. గరుగ్గా తగిలిన చోట కోసేయండి. మోనో రంగు వెలిసి, పొడిబారి, స్పూల్ మీంచి తీసినా చుట్టలు చుట్టలుగానే ఉండిపోతే మార్చే సమయం వచ్చింది. నైలాన్ నీళ్ళు పీల్చుకుని కొంత బలం కోల్పోతుంది, ఎండకి ఇంకా పాడవుతుంది. కారు అద్దం కింద రీలు వదిలేసేవాళ్ళకి త్వరగానే చెడుతుంది. మొత్తం మార్చనక్కర్లేదు, పై 50 మీటర్లు తీసి కొత్తది ముడివేసి చుట్టుకోవచ్చు. బ్రెయిడ్‌ని తిరగేసి, లోపలి కొస బయటికి వచ్చేలా చుట్టుకుంటే ఇంకొంతకాలం వస్తుంది.

అపోహ: చేప పెద్దది, అందుకే లైన్ తెగింది.

వాస్తవం: తెగిన కొసని చూడండి. పంది తోకలా చుట్టుకుని ఉంటే ముడి జారింది. పొరలు లేచి గరుగ్గా ఉంటే రాయికో పెంకుకో ఒరుసుకుంది. ముడి బిగించే ముందు ఉమ్మితోనో నీళ్ళతోనో తడపాలి. పొడిగా లాగితే ఆ రాపిడి వేడికే మోనో బలహీనపడుతుంది. బ్రెయిడ్ నున్నగా ఉంటుంది కాబట్టి నైలాన్‌కి వేసే మామూలు ముడి జారిపోతుంది. పాలోమర్ ముడి వేయండి, లేదా యూని ముడికి చుట్లు పెంచి ఏడెనిమిది చేయండి.

తీసేసిన పాత లైన్ గట్టున పడేయకండి. పక్షుల కాళ్ళకి చుట్టుకుంటే అవి విడిపించుకోలేవు. నాలుగు వేళ్ళ చుట్టూ చుట్టి, ఆ చుట్టని కత్తెరతో నాలుగైదు చోట్ల కోసి, మూత ఉన్న డబ్బాలో వేసి ఇంటికి తెచ్చుకోండి.