అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంది, పార్టీ ఖర్చుకు లేదు: ఎన్నికల చట్టంలో ఈ కంత ఎలా పడింది?

అసెంబ్లీకి పోటీ చేసే అభ్యర్థి 40 లక్షల రూపాయలకు మించి ఖర్చు పెట్టకూడదు. మన లాంటి పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభకైతే 95 లక్షలు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న పరిమితులివి. ఏ ఊరి రచ్చబండ దగ్గరైనా ఈ అంకెలు చెప్పి చూడండి, నమ్మేవాళ్లు దొరకరు. అయినా ఫలితాలు వచ్చిన 30 రోజుల్లోగా అభ్యర్థులు జిల్లా ఎన్నికల అధికారికి లెక్కలు అప్పజెప్తారు. దాదాపు ఏ లెక్కా పరిమితి దాటదు.

2013లో మహారాష్ట్ర నాయకుడు గోపీనాథ్ ముండే ఒక సభలో తాను 2009 లోక్‌సభ ఎన్నికకు 8 కోట్లు ఖర్చు పెట్టానని అన్నారు. అప్పటి పరిమితి 25 లక్షలు. ఎన్నికల సంఘం నోటీసు ఇచ్చింది, ఆయన వివరణ ఇచ్చారు, ఆయన మీద వేటు మాత్రం పడలేదు. అందరికీ తెలిసిన మాటే ఆయన నోట వచ్చింది.

ఇది ఒక్క మనిషి నిజాయితీకి సంబంధించిన విషయమైతే ఇంత రాయాల్సిన పని లేదు. చట్టం ఇలా ఎందుకు తయారైందో చూస్తే, పార్టీలన్నీ కలిసి ఒక్కో అడుగూ ఎలా వేశాయో తెలుస్తుంది.

కంపెనీలు పార్టీలకు డబ్బిస్తే ఏమవుతుందన్న భయం ఇవాళ్టిది కాదు. 1957లో టాటా స్టీల్ తన నిబంధనలు మార్చుకుని పార్టీలకు చందాలిచ్చే వీలు కల్పించమని బాంబే హైకోర్టుకు వెళ్లింది. చట్టం అడ్డు చెప్పడం లేదు కాబట్టి ప్రధాన న్యాయమూర్తి చాగ్లా అనుమతించారు. కానీ ఈ అలవాటు ప్రజాస్వామ్యాన్ని ముంచేసే ప్రమాదం ఉందని, పార్లమెంటు పట్టించుకోవాలని తీర్పులోనే హెచ్చరించారు. 1960లో పార్లమెంటు నిషేధం జోలికి పోకుండా ఒక పరిమితి పెట్టి ఊరుకుంది. అవినీతి నిరోధంపై వేసిన సంతానం కమిటీ 1964లో కంపెనీ చందాలు అసలే వద్దంది.

1969లో ఇందిరా గాంధీ ప్రభుత్వం వాటిని పూర్తిగా నిషేధించింది. వినడానికి బాగానే ఉంది. కానీ నిషేధించిన డబ్బు స్థానంలో పార్టీలు ఎలా నడవాలో ఎవరూ చెప్పలేదు. ఎన్నికలకు ప్రభుత్వ నిధులూ లేవు, సభ్యత్వ రుసుములతో నడిచే అలవాటూ పెరగలేదు. అది లైసెన్సుల కాలం, ఫ్యాక్టరీ పెట్టాలన్నా ఢిల్లీ సంతకం కావాలి. దాంతో చెక్కు మీద వచ్చే డబ్బు సూట్‌కేసులోకి మారింది. 1985లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం నిషేధం ఎత్తేసి, మూడేళ్ల సగటు లాభంలో 5 శాతం వరకు ఇవ్వొచ్చని మార్చింది. ఈలోగా పదహారేళ్లలో నల్లడబ్బు అలవాటు గట్టిపడిపోయింది.

ఈ మధ్యలోనే, 1974లో, అసలు మలుపు వచ్చింది. ఢిల్లీలో 1971లో లోక్‌సభకు గెలిచిన కాంగ్రెస్ అభ్యర్థి అమర్‌నాథ్ చావ్లా మీద ఓడిపోయిన కన్వర్‌లాల్ గుప్తా కేసు వేశారు. అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి ఖాతాలోకే వస్తుందని సుప్రీంకోర్టు 1974 అక్టోబరు 3న తేల్చి, ఆ ఎన్నికను రద్దు చేసింది. మామూలు మనిషి కూడా పోటీ చేయగలగాలి, అందుకే పరిమితి. దాన్ని పార్టీ పేరుతో దాటేస్తే పరిమితికి అర్థం లేదని జస్టిస్ భగవతి వాదన. ఎన్నికల డబ్బు గురించి మన కోర్టుల్లో వచ్చిన తీర్పుల్లో ఇంత సూటిగా ఉన్నది మరొకటి లేదని నేననుకుంటాను.

నెల తిరగకముందే ఆర్డినెన్స్ వచ్చింది, ఏడాది చివరికి చట్టమైంది. పార్టీగానీ, అభిమానులుగానీ పెట్టిన ఖర్చు అభ్యర్థి ఖర్చు కిందికి రాదని ఒక వివరణ చేర్చారు. అలహాబాద్ హైకోర్టులో ఇందిరా గాంధీ ఎన్నికపై కేసు నడుస్తున్న రోజులవి. తర్వాత ప్రభుత్వాలు మారినా, ఆ వివరణ దాదాపు ముప్పై ఏళ్లు అలాగే ఉండిపోయింది.

1990లో గోస్వామి కమిటీ, 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ సిఫార్సులు చేశాయి. వాటిలో ఎక్కువ భాగం కాగితాల మీదే మిగిలింది. కాస్త కదలిక 2003లో వచ్చింది. 20 వేలు దాటిన చందాల వివరాలు ఎన్నికల సంఘానికి ఇవ్వాలన్నారు, చందాలకు పన్ను మినహాయింపు ఇచ్చారు, పాత వివరణను కూడా చాలావరకు కుదించారు. పార్టీ నిధుల సంస్కరణ కోసం ఆ రోజుల్లో గట్టిగా పనిచేసిన వాళ్లలో మన లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ ఉన్నారు. అయినా కంత సగమే పూడింది. అభ్యర్థి పేరు ఎత్తకుండా పార్టీ చేసే ప్రచారం, స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణాలు ఇప్పటికీ అభ్యర్థి లెక్కలోకి రావు. పార్టీ మొత్తంగా పెట్టే ఖర్చుకు పరిమితి అన్నదే లేదు.

2014లో ఢిల్లీ హైకోర్టు, ఒక విదేశీ కంపెనీ అనుబంధ సంస్థల నుంచి చందాలు తీసుకుని బీజేపీ, కాంగ్రెస్ రెండూ విదేశీ చందాల నియంత్రణ చట్టాన్ని ఉల్లంఘించాయని చెప్పింది. దాంతో ఆ చట్టంలో విదేశీ మూలం అన్న మాటకే నిర్వచనం మార్చేశారు. 2016లో 2010 నుంచి వర్తించేలా, అదీ చాలక 2018లో 1976 నుంచి వర్తించేలా. నలభై రెండేళ్ల వెనక్కి వెళ్లి తప్పును ఒప్పు చేసుకున్నారు! ఆ 2018 మార్చిలో మన ఎంపీలు ప్రత్యేక హోదా కోసం, రిజర్వేషన్ల కోసం సభలో నినాదాలు చేస్తున్నారు. ఆ గందరగోళంలోనే ఫైనాన్స్ బిల్లు లోక్‌సభలో చర్చ లేకుండా గట్టెక్కింది. మన గొంతులు వేరే న్యాయమైన విషయం మీద ఉన్న వేళ ఇది జరిగిపోయిందంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఎలక్టోరల్ బాండ్లు కూడా 2017లో ఫైనాన్స్ బిల్లు దారిలోనే వచ్చాయి. స్టేట్ బ్యాంకులో వెయ్యి నుంచి కోటి దాకా బాండు కొని పార్టీకి ఇవ్వొచ్చు, ఇచ్చిందెవరో జనానికి చెప్పనక్కర్లేదు. అప్పటికి 7.5 శాతంగా ఉన్న కంపెనీ చందాల పరిమితిని ఎత్తేశారు. అంటే నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఇవ్వొచ్చు! ఎన్నికల సంఘం, రిజర్వ్ బ్యాంకు రెండూ అభ్యంతరం చెప్పాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ పథకాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. అప్పటికి 16 వేల కోట్లకు పైగా బాండ్లు అమ్ముడయ్యాయి.

వివరాలు బయటికొచ్చాక మన రాష్ట్రాల వాటా కూడా తెలిసింది. 2019 ఏప్రిల్ తర్వాతి లెక్కల్లో బీజేపీకి 6 వేల కోట్లకు పైగా వచ్చాయి. బీఆర్ఎస్‌కు 1,200 కోట్లకు పైగా, వైఎస్సార్‌సీపీకి 337 కోట్లు, తెలుగుదేశానికి దాదాపు 219 కోట్లు. కొన్న కంపెనీల్లో రెండో స్థానం హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. ఒక్క రాష్ట్రంలో పాలించిన ప్రాంతీయ పార్టీకి వెయ్యి కోట్లు దాటి వచ్చాయంటే ఆగి ఆలోచించాలి. కాంట్రాక్టులు, అనుమతులు, భూములు రాష్ట్ర ప్రభుత్వాల చేతుల్లోనే ఉంటాయి కదా.

బాండ్లు పోయాయి కాబట్టి సమస్య తీరిందనుకుంటే పొరపాటు. 20 వేలలోపు చందా ఇచ్చినవాళ్ల పేరు ఇప్పటికీ ఎన్నికల సంఘానికి చెప్పనక్కర్లేదు. పెద్ద మొత్తాన్ని చిన్న చిన్న ముక్కలుగా చూపించడానికి అడ్డం లేదు. 2013లో కేంద్ర సమాచార కమిషన్ ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని ఆదేశించింది. అవి పాటించలేదు. 2022 సెప్టెంబరులో అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ రాజీవ్ కుమార్ న్యాయశాఖ మంత్రికి లేఖ రాశారు. 20 వేల హద్దును 2 వేలకు దించాలని, నగదు చందాలు మొత్తం చందాల్లో 20 శాతానికి గానీ 20 కోట్లకు గానీ, ఏది తక్కువైతే దానికి, మించకూడదని కోరారు.

రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు 42 మంది వెళ్తున్నారు. ఈసారి మీ ఎంపీ ఊరికొచ్చినప్పుడు రోడ్డు, బోరు అడిగాక ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగండి. ఆ లేఖలో ఉన్నవి చట్టం చేయమని సభలో అడుగుతారా? అభ్యర్థికి ఉన్నట్టే పార్టీ ఖర్చుకూ పరిమితి పెట్టే బిల్లు వస్తే ఓటేస్తారా?