కణంలో చేరిన బ్యాక్టీరియా ఎప్పుడు కణాంగం అవుతుంది?

2024 ఏప్రిల్‌లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన పత్రం జీవశాస్త్రానికి కొత్త పేరు ఒకటి ఇచ్చింది. ఆ పేరు నైట్రోప్లాస్ట్. బ్రారుడోస్ఫేరా బిగెలోయీ అనే సముద్రపు ఏకకణ శైవలంలో ఉండే ఈ భాగం నత్రజని వాయువును అమ్మోనియాగా మారుస్తుంది. దీని పూర్వీకురాలు ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన సయనోబ్యాక్టీరియా, అంటే సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకునే బ్యాక్టీరియా. మైటోకాండ్రియా, క్లోరోప్లాస్ట్, పాలినెల్లా అనే అమీబాలోని క్రొమాటోఫోర్ తర్వాత, బ్యాక్టీరియా లోపలికి చేరి కణాంగంగా (కణంలో ఒక పని చేసే శాశ్వత భాగంగా) మారిన నాలుగో సందర్భం ఇదని ఆ పత్రం చెబుతోంది.

వార్తల్లో దీన్ని చదివినవారికి ఏకకణ జీవిలో చేరిన ప్రతి బ్యాక్టీరియా మెల్లగా కణాంగం అయ్యే దారిలోనే ఉందని అనిపించడం సహజం. నూట ముప్పై ఏళ్ల పరిశీలనలు చెప్పేది వేరు. కణాంగం దాకా వెళ్లినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మిగిలినవి మనకు కనిపించినంతలో రోగాలుగానో, ఆయుధాలుగానో, కొంతకాలం ఉండి పోయే అద్దెదారులుగానో ఉన్నాయి. శాస్త్రవేత్తలు వాటిని గుర్తించడంలో పడిన తికమక కూడా ఈ చరిత్రలో భాగమే.

చెరువు నీటిలో బతికే ఏకకణ జీవి పారమీసియం. దాని కేంద్రకంలో సన్నని దారాల్లాంటివి 1850ల్లోనే యూరప్‌లో సూక్ష్మదర్శినికి చిక్కాయి. ఏకకణ జీవికి కూడా పెద్ద జంతువుల్లాగే జననాంగాలు ఉండాలని నమ్మిన కాలం అది. అందుకని వాటిని వీర్యకణాలనుకున్నారు. అవి పారమీసియానికి సోకిన జీవులని 1890లో స్పష్టంగా వర్ణించి, హోలోస్పోరా అని పేరుపెట్టినవాడు వాల్డెమార్ హాఫ్కిన్. ఈ పేరు మనకు కొత్తది కాదు. 1893లో కలకత్తా వచ్చి కలరా టీకా వేసినవాడు, 1897లో బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేసి ముందుగా తన ఒంటిమీదే పరీక్షించుకున్నవాడు ఆయనే. ముంబైలోని హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ పేరు ఆయనదే. టీకాల మనిషిగా పేరొచ్చాక పారమీసియం పని మరుగున పడింది.

హోలోస్పోరాకు రెండు రూపాలున్నాయి. కేంద్రకంలో విభజన చెందే రూపం రెండు మైక్రాన్లకు మించదు. బయటికి వచ్చి కొత్త పారమీసియానికి సోకే రూపం పది మైక్రాన్లు దాటి పొడవుగా ఉంటుంది. పారమీసియం దాన్ని ఆహారమనుకుని మింగుతుంది. ఆహార రిక్తిక (మింగినది అరిగే సంచి) ఆమ్లంగా మారగానే హోలోస్పోరా గోడ చీల్చుకుని కణద్రవ్యంలోకి దూకి, గంటలోపే కేంద్రకం చేరుతుంది. ఏ కేంద్రకమన్నది కూడా ముందే నిర్ణయమై ఉంటుంది. ఒబ్ట్యూసా జాతి రోజువారీ పనులు నడిపే పెద్ద కేంద్రకమైన స్థూలకేంద్రకంలోకి, అండ్యులాటా, ఎలిగాన్స్ జాతులు సూక్ష్మకేంద్రకంలోకి వెళ్తాయి. సంయోగానికి, అంటే రెండు కణాలు జతకూడి జన్యువులు మార్చుకోవడానికి, కావలసింది సూక్ష్మకేంద్రకం కాబట్టి అక్కడ సోకితే పారమీసియం సంతానానికి జన్యువులు అందించే శక్తి దెబ్బతింటుంది. హోలోస్పోరాను కణం బయట ఏ మాధ్యమంలోనూ పెంచలేకపోయారు. అంటే బ్యాక్టీరియా పూర్తిగా ఆధారపడింది, పారమీసియం మాత్రం అది లేకున్నా హాయిగా బతుకుతుంది. ఆధారం ఒకవైపు మాత్రమే ఉన్నంతకాలం కణాంగం మాట ఎత్తడానికి లేదు.

రెండో అధ్యాయం అమెరికాలో మొదలైంది. పారమీసియంలో జోడీ రకాలను (ఏది దేనితో జతకట్టగలదో నిర్ణయించే రకాలను) 1937లో కనిపెట్టిన ట్రేసీ సోనెబోర్న్, మరుసటి ఏడాది ఒక వింత గమనించారు. కొన్ని వంశాలను పెంచిన నీటిలో వేరే వంశాల పారమీసియంలను వేస్తే అవి చచ్చిపోతున్నాయి. కొన్ని గిరగిర తిరిగి, కొన్ని వీపు ఉబ్బి, కొన్ని ఒంటినిండా బుడగలు తేలి, కొన్ని చచ్చుబడి చస్తున్నాయి. చంపే వంశాన్ని ‘కిల్లర్’ అన్నారు. ఈ గుణం ఎలా సంక్రమిస్తుందో చూస్తే మెండెల్ లెక్క సగమే సరిపోయింది. కేంద్రకంలో కె అనే బహిర్గత జన్యువు ఉండాలి, దాంతోపాటు కణద్రవ్యంలో ‘కప్పా’ అనే ఏదో పదార్థం కూడా ఉండాలి. కె లేని సంతానంలో కప్పా నిలవదు. కె ఉన్నా కప్పా లేకపోతే అది తనంతట తాను పుట్టదు. సంయోగంలో రెండు పారమీసియంలు కేంద్రకాలను మార్చుకుని విడిపోతే కిల్లర్ గుణం రెండోదానికి అంటదు. విడిపోవడం ఆలస్యమై, మధ్య వంతెన గుండా కణద్రవ్యం కూడా ప్రవహిస్తే అంటుకుంటుంది. దీంతో సోనెబోర్న్ కప్పాను కణద్రవ్యంలో ఉండే జన్యువుగా భావించారు. జన్యువులన్నీ కేంద్రకంలోనే ఉంటాయన్న రోజుల్లో ఇది పెద్ద సంచలనం.

ఆ ముడి విప్పిన తీరు చాలా తెలివైనది. సోనెబోర్న్ విద్యార్థి జాన్ ప్రీయర్ ఆలోచన ఇది. కప్పా తనంతట తాను పెరిగే రేణువైతే దాని వేగానికి హద్దు ఉంటుంది. పారమీసియానికి తిండి బాగా పెట్టి, దాన్ని కప్పాకన్నా వేగంగా విభజన చెందిస్తే, ప్రతి విభజనకూ ఒక్కో కణానికి వచ్చే కప్పా తగ్గుతూ పోవాలి, చివరికి కప్పా లేని కణాలు తేలాలి. సరిగ్గా అలాగే జరిగింది. ఎన్ని విభజనల తర్వాత ఎన్ని కణాలు కిల్లర్ గుణం పోగొట్టుకున్నాయో లెక్కకట్టి, మొదట ఒక్కో కణంలో కప్పా రేణువులు వందల్లో ఉన్నాయని తేల్చారు. తర్వాత ఎక్స్ కిరణాలతో కప్పాను నాశనం చేసి, ఎంత మోతాదుకు ఎంత పోయిందో చూసి రేణువు పరిమాణం అంచనా వేశారు. అది జన్యువుకు ఉండాల్సిన పరిమాణం కాదు, మామూలు సూక్ష్మదర్శినికే కనిపించేంత పెద్దది. వెతికితే కనిపించాయి, డీఎన్ఏ రంగు కూడా పట్టాయి. 1950 నాటికి కప్పా దాదాపు బ్యాక్టీరియా అని తేలిపోయింది. అయినా దానికి సీడిబాక్టర్ టీనియోస్పిరాలిస్ అని బ్యాక్టీరియా పేరు అధికారికంగా పెట్టింది 1974లో.

చంపే పనిముట్టు కూడా బయటపడింది. కప్పాల్లో కొన్నింటి లోపల మెరిసే చుట్ట ఒకటి ఉంటుంది, దాన్ని ఆర్-బాడీ అంటారు. అర మైక్రాను వ్యాసంలో, టైలరు టేపులా చుట్టుకుని ఉండే ప్రొటీన్ పట్టీ అది. పట్టీ విప్పుకుంటే 20 మైక్రాన్ల దాకా సాగుతుంది. కిల్లర్ కణం నుంచి బయటపడిన కప్పాను వేరే పారమీసియం మింగినప్పుడు, ఆహార రిక్తికలో పీహెచ్ 6.5కు దిగగానే పట్టీ విచ్చుకుని రిక్తికను పొడుస్తుంది, విషం కణద్రవ్యంలోకి చేరుతుంది. చుట్ట ఉన్న కప్పా ఇక విభజన చెందదు, చుట్ట లేనిదే వంశం నిలబెడుతుంది. కప్పా ఉన్న పారమీసియానికి ఈ విషం ఎక్కదు. ఆ రక్షణ ఉన్నందువల్లే కప్పాను వదిలించుకోవడం దానికి ప్రమాదం.

ఇంకో చిక్కు ఆలస్యంగా తేలింది. ఆర్-బాడీ ఉన్నవన్నీ ఒకే ప్రజాతి అనుకుని సీడిబాక్టర్ కింద చేర్చారు. బ్యాక్టీరియా చుట్టరికం తెలిపే 16ఎస్ ఆర్ఆర్ఎన్ఏ క్రమాలు పోల్చి చూస్తే కొన్ని గామా ప్రొటియోబ్యాక్టీరియా, కొన్ని ఆల్ఫా ప్రొటియోబ్యాక్టీరియా అనే వేర్వేరు వర్గాలవి. టీనియోస్పిరాలిస్‌లో ఆర్-బాడీ జన్యువులు ఉన్నది ప్లాస్మిడ్ మీద, అంటే ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి వెళ్లగల చిన్న డీఎన్ఏ వలయం మీద. ఆయుధం ఒకరి నుంచి ఒకరికి చేతులు మారగలిగినప్పుడు, ఆయుధాన్ని చూసి చుట్టరికం కలిపితే లెక్క తప్పక మానదు.

ఇదంతా జరుగుతుండగా కణాంగాల పుట్టుక గురించిన వాదన వేరే దారిలో నడిచింది. క్లోరోప్లాస్ట్‌లు ఒకప్పటి స్వతంత్ర జీవులని రష్యా శాస్త్రవేత్త మెరెష్కోవ్‌స్కీ 1905లో రాశారు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. లిన్ మార్గులిస్ 1967లో మైటోకాండ్రియాను కూడా కలిపి ఆ వాదాన్ని మళ్లీ నిలబెట్టారు. ఆర్ఆర్ఎన్ఏ పోలికలతో 1970ల చివర్లో అది గట్టిపడింది. కానీ వంద కోట్ల ఏళ్ల కిందటి సంఘటనను ఇప్పటి క్రమాల నుంచి ఊహించడం ఒకటి, కళ్లముందు జరగడం ఒకటి.

కళ్లముందు జరిగినదానికి దగ్గరి ఉదాహరణ క్వాంగ్ జియోన్ అమీబాలు. 1966లో ఆయన పెంచుతున్న అమీబా ప్రోటియస్ వంశం ఒకదానికి బ్యాక్టీరియా సోకింది. ఒక్కో అమీబాలో 60,000 నుంచి 1,50,000 దాకా చేరాయి. చాలా అమీబాలు చచ్చాయి. మిగిలినవాటిని ఆయన పారేయకుండా పెంచారు. ఒకటిన్నర ఏడాదిలో, సుమారు 200 తరాల్లో బ్యాక్టీరియా సంఖ్య 42,000 దగ్గర స్థిరపడింది, అమీబా మామూలుగా పెరగసాగింది. అప్పుడు కేంద్రకాలు మార్చి చూశారు. సోకిన అమీబా కేంద్రకాన్ని, కేంద్రకం తీసేసిన సోకని అమీబాలో పెడితే అది బతకలేదు. అందులోకి ఆ బ్యాక్టీరియాను సూదితో ఎక్కిస్తే బతికింది. కొన్నేళ్లలో ఒక కేంద్రకం బ్యాక్టీరియా లేకుండా పనిచేయలేని స్థితికి వచ్చేసింది. కారణం తర్వాత కొంత తెలిసింది. ఎస్-ఎడినోసిల్ మెథియోనిన్ అనే, కణానికి అవసరమైన అణువును తయారుచేసే ఎంజైముకు చెందిన అమీబా జన్యువు ఒకటి మూగబోయింది. గమనించవలసింది ఏమిటంటే, అమీబా కొత్తగా ఏమీ సంపాదించలేదు, ఉన్నదాన్ని పోగొట్టుకుంది. ఆధారపడటం ఎప్పుడూ లాభం వల్లే రానక్కరలేదు. పైగా ఆ బ్యాక్టీరియా లెజియొనెల్లా బంధువు. ఊపిరితిత్తుల వ్యాధి తెచ్చే లెజియొనెల్లా కూడా నీటిలో ఉన్నప్పుడు అమీబాల్లోనే పెరుగుతుంది.

జర్మనీలో క్లాస్ హెక్‌మన్ యూప్లోటస్ అనే మంచినీటి శైలికా జీవి (పారమీసియంలా ఒంటిమీది సన్నని వెంట్రుకలతో కదిలే ఏకకణ జీవి) మీద చేసిన పనిలో వచ్చిన ఫలితం మరీ ఆసక్తికరం. 1975లో ఆయన పెన్సిలిన్‌తో లోపలి బ్యాక్టీరియాను చంపితే యూప్లోటస్ విభజన ఆగి చచ్చింది. తిరిగి ఎక్కిస్తే కోలుకుంది. అందుకే ఆ బ్యాక్టీరియాకు పాలీన్యూక్లియోబాక్టర్ నెసెసారియస్ అని, అంటే లేకుంటే గడవనిది అని పేరుపెట్టారు. ఇంత గట్టి బంధం పాతకాలపుదే అయి ఉండాలని అనుకుంటాం. తీరా చూస్తే దాని అతి దగ్గరి బంధువులు చెరువుల్లో, సరస్సుల్లో స్వేచ్ఛగా తేలుతూ దొరికాయి. స్వతంత్రుల జీనోమ్ (మొత్తం డీఎన్ఏ) సుమారు 21.6 లక్షల బేసు జతలు, లోపలిదానిది 15.6 లక్షలు. వేర్వేరు యూప్లోటస్ వంశాల్లోని బ్యాక్టీరియా వేర్వేరు స్వతంత్ర పూర్వీకుల నుంచి వచ్చాయి. అంటే యూప్లోటస్‌కు ఎవరో ఒకరు కావాలి, ఫలానావారే కావాలని లేదు. లోపల చిక్కుకున్న బ్యాక్టీరియా లోపాలు పోగేసుకుని బలహీనపడితే, బయటి నుంచి కొత్తది వచ్చి ఆ చోటు తీసుకుంటుంది. నా దృష్టిలో ఈ మొత్తం రంగంలో అన్నిటికన్నా తక్కువ గుర్తింపు పొందిన ఫలితం ఇదే.

మరి కణాంగం అనడానికి ఏం చూడాలి? జీనోమ్ చిన్నదవడం ఒక్కటే చాలదు. కణం తన కేంద్రకం నుంచి ప్రొటీన్లు తయారుచేసి లోపలికి పంపుతోందా, విభజన కణంతో తాళం తప్పకుండా జరుగుతోందా అన్నవి గట్టి కొలతలు. లౌటర్‌బోర్న్ 1895లో వర్ణించిన పాలినెల్లా ఈ పరీక్ష నెగ్గింది. దాని క్రొమాటోఫోర్ జీనోమ్‌లో 10.2 లక్షల బేసు జతలు, 867 ప్రొటీన్ జన్యువులు మిగిలాయి, కొన్ని ప్రొటీన్లు కేంద్రకం నుంచి వస్తాయి. నైట్రోప్లాస్ట్ విషయంలో దారి చాలా పొడవు. 1998లో జొనాథన్ జెహర్ బృందానికి పసిఫిక్ నీటిలో దొరికింది నత్రజని స్థాపన జన్యువు ముక్క ఒక్కటే. 2010లో జీనోమ్ చదివితే 14.4 లక్షల బేసు జతల్లో ఆక్సిజన్ విడుదల చేసే కిరణజన్య వ్యవస్థ గానీ, కార్బన్ స్థాపించే ఎంజైము గానీ లేవు. సయనోబ్యాక్టీరియాకు అవి లేకపోవడమంటే ఎవరో పోషిస్తున్నారనే. ఆ శైవలాన్ని ప్రయోగశాలలో పెంచడానికి జపాన్‌లో క్యోకో హగినోకు పదేళ్లు దాటింది. ఆ కల్చర్ చేతికొచ్చాకే కొన్ని ప్రొటీన్లు చివరన ప్రత్యేక తోకతో లోపలికి వెళ్తున్నాయని, కణంతోపాటే అది కూడా విభజన చెందుతోందని చూపగలిగారు.

చెరువు నీటిలో కొత్త సహజీవి (కణంలోపల కలిసి బతికే బ్యాక్టీరియా) దొరికిందని చెప్పేవారు ఎక్కువగా పొరబడేది ఆహారం దగ్గర. శైలికా జీవి పొట్టనిండా బ్యాక్టీరియానే. అందుకని సన్నని గాజు గొట్టంతో ఒక్కొక్క కణాన్ని తీసి, శుభ్రమైన మాధ్యమంలో పలుమార్లు కడిగి, ఒకటి రెండు రోజులు పస్తుపెట్టి రిక్తికలు ఖాళీ అయ్యాకే డీఎన్ఏ తీయాలి. డీఎన్ఏ నకళ్లు పెంచే పీసీఆర్‌తో 16ఎస్ క్రమం వచ్చినంత మాత్రాన అది లోపలిదని రుజువు కాదు, కడగగా మిగిలిన ఒక్క బ్యాక్టీరియా చాలు ఆ ఫలితం ఇవ్వడానికి. క్రమానికి తగిన ఫ్లోరసెంట్ ప్రోబ్ (ఆ క్రమానికే అతుక్కుని వెలిగే చిన్న డీఎన్ఏ ముక్క) తయారుచేసి, కణంలోనే అతికించి, ఎక్కడ వెలుగుతోందో చూడాలి. హైబ్రిడైజేషన్ (ప్రోబ్‌ను అతికించడం) 46 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కడగడం 48 దగ్గర. అతుకును వదులుచేసే ఫార్మమైడ్ అనే రసాయనం తక్కువైతే ప్రోబ్ ప్రతిదానికీ అంటుకుంటుంది, ఎక్కువైతే అసలుదానికీ అంటదు. అందుకే ఒక్కో ప్రోబ్‌కు ఫార్మమైడ్ శాతం పెంచుకుంటూ విడిగా చూసుకోవాలి. అన్ని బ్యాక్టీరియాకు పనికొస్తుందనే యూబ్338 ప్రోబ్ ప్లాంక్టోమైసిటీస్, వెర్రుకోమైక్రోబియా వర్గాల్లో చాలావాటిని వదిలేస్తుంది, వాటికి యూబ్338-2, యూబ్338-3 ప్రోబ్‌లు కూడా కలపాలి. మింగిన శైవలాల క్లోరోఫిల్ తనంతట తానే ఎర్రగా మెరుస్తుంది కాబట్టి ప్రోబ్ వేయని కణాన్ని పక్కన పెట్టుకోకపోతే ఆ మెరుపునే సహజీవి అనుకునే ప్రమాదం ఉంది. ఆంటీబయాటిక్ పరీక్షలో ఇంకో మెలిక. మందు వేస్తే ఆహారపు బ్యాక్టీరియా కూడా చచ్చి, కణం ఆకలితోనే చావవచ్చు. ఆ మందుకు లొంగని ఆహారం విడిగా అందించి చూడాలి. మందు మైటోకాండ్రియాను దెబ్బతీసిందేమో కూడా చూడాలి, ఎందుకంటే క్లోరాంఫెనికాల్ లాంటివి వాటి రైబోసోములను కూడా అడ్డుకుంటాయి.

ఈ కొలతలు పెట్టాక కూడా కొన్ని జీవులు ఏ గడిలోనూ సరిగా ఇమడవు. స్విట్జర్లాండ్‌లోని జుగ్ సరస్సు అడుగున, ఆక్సిజన్ లేని నీటిలో దొరికిన శైలికా జీవి ఒకటి 2021లో వెలుగులోకి వచ్చింది. దాని లోపలి బ్యాక్టీరియా అజొఅమికస్ సిలియాటికోలా నైట్రేటుతో శ్వాసించి ఏటీపీ అనే శక్తి అణువును తయారుచేసి కణానికి ఇస్తుంది. చేసే పని మైటోకాండ్రియాదే, జీనోమ్ 2,92,520 బేసు జతలే. కణం ప్రొటీన్లు పంపుతోందన్న రుజువు లేదు గనుక దాన్ని సహజీవి అనే రాశారు. దాని బంధువులు ఆ తర్వాత భూగర్భ జలాల్లో, మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో కూడా కనిపించాయి. వాటిలో కొన్నింటికి నైట్రేటుతోనే కాదు, ఆక్సిజన్‌తో శ్వాసించే జన్యువులూ ఉన్నాయి.