రెండు గంటలు మిగిల్చిన చుట్టుదారి

2016 అక్టోబరులో ఎయిరిండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం దారి మార్చింది. అంతకుముందు అది పడమరగా, అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు ఎగిరేది. కొత్త దారి తూర్పుగా, పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగింది. అయినా విమానం 14.5 గంటల్లో, అంటే దాదాపు రెండు గంటలు ముందే చేరింది.

ఈ అంకెలను భాగించి చూడండి. కొత్త దారిలో సగటు వేగం గంటకు 1,055 కిలోమీటర్లు, పాత దారిలో 842. విమానం అదే రకం. తన చుట్టూ ఉన్న గాలిని కోసుకుంటూ అది పోయే వేగం ఎటు వెళ్లినా ఇంచుమించు 900. మిగతా తేడా చాలావరకు గాలి చలవే. గోదావరిలో పడవ దిగువకు పోయేటప్పుడు, ఎగువకు వచ్చేటప్పుడు తెడ్డు వేసే చేతులు అవే. గట్టు మీది చెట్లు వెనక్కి జరిగే తీరే మారుతుంది.

భూమి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి పడమరకు వెళ్లే విమానానికి గమ్యమే ఎదురొస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ వాతావరణం కూడా భూమితోపాటే తిరుగుతుంది. అలా తిరగకపోతే భూమధ్యరేఖ మీద నిలబడ్డ మనిషిని గంటకు 1,600 కిలోమీటర్ల గాలి ఈడ్చుకుపోయేది. విమానానికి నిజంగా సాయపడేది జెట్ స్ట్రీమ్. ఉష్ణమండలపు వేడిగాలికీ ధ్రువాల చలిగాలికీ ఉన్న తేడా వల్ల ఎత్తులో గాలి ధ్రువం వైపు కదులుతుంది; భూభ్రమణం దాన్ని తూర్పుకు మళ్లిస్తుంది. నేలకు 9–12 కిలోమీటర్ల ఎత్తున, సరిగ్గా విమానాలు ఎగిరే చోట, అది ఏరులా పారుతుంది. చలికాలంలో జపాన్ మీద దాని వేగం ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది.

ఆ గాలిని మొదట పట్టుకున్నదీ జపాన్‌లోనే. 1920లలో వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి తతెనో వేధశాల నుంచి బెలూన్లు ఎగరేసి, అవి కొట్టుకుపోయే తీరును కొలిచారు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో ఫలితాలను ఎస్పరాంటోలో, అంటే అన్ని దేశాలవాళ్లకూ పనికొచ్చేలా కల్పించిన భాషలో, అచ్చు వేయించారు. చదివినవాళ్లు బహు కొద్దిమంది. అంత ఓపికగా చేసిన పని అలా మూలనపడటం తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 1952లో పాన్ అమెరికన్ విమానం టోక్యో నుంచి హొనొలులుకు ఆ గాలివాటునే ఎగిరి, 18 గంటల ప్రయాణాన్ని 11.5 గంటలకు తగ్గించింది.

మీ ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఒక దారం బిగించి పట్టుకోండి. అది సైబీరియా, ఆర్కిటిక్ మీదుగా పోతుంది. దూరం సుమారు 12,400 కిలోమీటర్లే. అంటే పైన చెప్పిన రెండు దారులూ చుట్టుదారులే! కానీ ఆ దారం మొదట్లోనే హిమాలయాలను, టిబెట్ పీఠభూమిని దాటుతుంది. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే పైలట్ వెంటనే 3 కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి. టిబెట్‌లో నేలే సగటున 4.5 కిలోమీటర్ల ఎత్తున ఉంది.

పైగా జెట్ స్ట్రీమ్ రోజూ ఒకేచోట పారదు. 2020 ఫిబ్రవరిలో తుపాను వేళ అది ఉరకలెత్తినప్పుడు న్యూయార్క్ నుంచి లండన్‌కు ఒక విమానం 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. అందుకే అట్లాంటిక్ మీద దారులను ఏ రోజుకు ఆ రోజు కొత్తగా గీస్తారు: తూర్పుకు పోయేవాటికి గాలిలోంచి, పడమరకు పోయేవాటికి గాలిని తప్పించి.