తెలుగులా కనిపించినా తెలుగు కాని పేజీలు

1990ల చివర్లో తెలుగు దినపత్రికలు ఇంటర్నెట్‌లోకి వచ్చినప్పుడు తెరపై కనిపించింది తెలుగే. లోపల ఉన్నది మాత్రం తెలుగు కాదు. కంప్యూటరు ప్రతి అక్షరాన్నీ ఒక సంఖ్యగానే దాచుకుంటుంది. ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంఖ్యల మీదే మన తలకట్లను, గుడులను, ఒత్తులను అమర్చిన ఫాంటులవి. ఒక్కో పత్రికది ఒక్కో అమరిక. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంలేని లాటిన్ అక్షరాల కుప్ప.

1997లో వచ్చిన బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4, పేజీతో పాటు ఫాంటునూ దించుకునే వీలు కల్పించింది. నెట్‌స్కేప్ అనే పోటీ బ్రౌజర్ పద్ధతి వేరు. సరైన బ్రౌజర్ ఉన్నవారు పత్రిక చదువుకున్నారు, మిగతావారికి గజిబిజి కనిపించింది. తెలుగు మాట టైపు చేసి వెతికితే ఆ వార్తలు దొరికేవి కావు. అన్నిటికన్నా పెద్ద అన్యాయం చూపులేని పాఠకులకు జరిగింది. తెరపై ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అయిన స్క్రీన్ రీడర్ అక్షరం ఆకారాన్ని చూడదు, దాని వెనకున్న సంఖ్యను చదువుతుంది. అక్కడ తెలుగే లేనప్పుడు అది ఏం పలుకుతుంది?

బాధ కలిగించేదేమిటంటే, అప్పటికే ప్రమాణం ఉంది. ప్రపంచ లిపుల్లోని ప్రతి అక్షరానికీ ఒకే సంఖ్యను ఇచ్చే ప్రమాణం యూనికోడ్. 1991 అక్టోబరులో వెలువడిన దాని తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అందులో ‘క’ సంఖ్య 3093. ఏ ఫాంటులో, ఏ యంత్రంలో చూసినా అదే. కానీ దాన్ని సరిగా చూపగల కంప్యూటర్లు సామాన్యులకు అందడానికి చాలాకాలం పట్టింది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే తెలుగు ఫాంటుతో వచ్చినా, తెలుగు లాంటి సంక్లిష్ట లిపుల సదుపాయాన్ని విడిగా అమర్చుకోవాల్సి వచ్చేది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, ఆ తర్వాతి బ్లాగర్లు యూనికోడ్‌నే పట్టుకున్నారు. పత్రికల పాత అమరికలను యూనికోడ్‌లోకి మార్చి చూపే ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు కూడా వచ్చింది. పత్రికలు మారేవరకూ ఆగకుండా పాఠకులే దారి వేసుకున్నారన్నమాట. ఆ శ్రమను నేను గౌరవంతో తలుచుకుంటాను.

వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 1994లో స్థాపించిన వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ, వైకల్యం ఉన్నవారూ వెబ్‌ను వాడుకోగలిగేలా 1999 మే 5న తొలి సౌలభ్య మార్గదర్శకాలను విడుదల చేసింది. వాటిలోనూ కనిపించేది ఇదే సూత్రం: వస్తువు ఎలా కనిపించాలన్నది ఒక్కటే చాలదు, అది ఏమిటో యంత్రానికి తెలియాలి. శీర్షికను కేవలం లావు అక్షరాలతో కాక శీర్షికగానే గుర్తించాలి. బొమ్మకు మాటల్లో వివరణ ఉండాలి. పేజీ తెలుగులో ఉందని చెప్పే చిన్న గుర్తు ఉంటే, తెలుగు గొంతు ఉన్న స్క్రీన్ రీడర్ దాన్నే ఎంచుకోగలదు.

మన దేశంలో ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో వచ్చాయి. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. అయినా నేటికీ ఎన్నో ఉత్తర్వులు, ప్రకటనలు స్కాన్ చేసిన కాగితాల బొమ్మలుగానే వెబ్‌సైట్లలోకి చేరుతున్నాయి. 1990లలో కనీసం తప్పు అక్షరాలైనా ఉండేవి. ఈ బొమ్మల్లో స్క్రీన్ రీడర్‌కు నేరుగా ఒక్క అక్షరమూ దొరకదు.